అద్దాల ఇంట్లో పీచ్ దొంగ

పీచ్ చెట్లు పెంచే అద్దాల ఇంటికి బయట తాళం పడిన చప్పుడుకి హ్యూబర్ట్ నోట్లో పండు నోట్లోనే ఆగిపోయింది.

చేతిలో సగం కొరికిన పీచ్. రసం మోచేతి దాకా కారుతోంది. దాక్కోవడానికి నీళ్ళ తొట్టి తప్ప ఏమీ లేదు. దాని వెనక నక్కాడు. ఎండ పడకుండా అద్దాలకు సున్నం పూసి ఉండటం అతని అదృష్టం. లేకపోతే ఈపాటికి అందరికీ కనబడిపోయేవాడు.

"అందరూ ఇలా రండి!" గాస్కార్త్ గొంతు తోట చుట్టూ ఉన్న ఇటుక గోడలకు కొట్టుకుని మోగింది. "నిన్న ఒక పండు పోయింది. ఇదిగో, టెంక దొరికింది!"

గాస్కార్త్ పెద్ద తోటమాలి. ఈ నాలుగు గోడల మధ్య అతని మాటే శాసనం. ష్రాప్‌షైర్ జిల్లా మొత్తంలో ఇలాంటి పీచ్‌లు ఇంకెక్కడా కాయవు. పండు పండుకీ కింద వల కట్టి, పసిపిల్లల్ని సాకినట్టు సాకుతాడు. శనివారం బంగళాలో బిషప్పు గారికి విందు. అప్పటిదాకా ఒక్కటి కూడా తగ్గకూడదని అతని హుకుం.

హ్యూబర్ట్ పుట్టు దొంగేమీ కాదు. మొన్న మర్యాదగానే ఒక్కటంటే ఒక్కటి అడిగాడు. గాస్కార్త్ తల అడ్డంగా ఊపి తన దారిన పోయాడు. ఇక్కడే పుట్టి, ఇక్కడే తల నెరిసిన మనిషికి చెట్టు మీంచి ఓ పండు కోసుకుని తినే యోగం లేదా? ఆ ఉక్రోషంతోనే నిన్న, పనివాళ్ళు టీకి వెళ్ళిన సమయం చూసి లోపలికి దూరాడు. తిన్నాక టెంకను గుమ్మం పక్కనున్న ఏదో బుట్టలో పడేశాడు. ఆ రుచి మరిగి ఇవాళ మళ్ళీ వచ్చాడు.

ఆ బుట్ట ఎవరిదో ఇప్పుడు తెలిసింది.

"నీ బుట్టలోకి ఎలా వచ్చిందే ఇది, డోర్కస్?"

"నాకేం తెలుసయ్యా! పొద్దస్తమానం ఉల్లిమళ్ళలో కలుపు తీసుకునేదాన్ని. పీచ్ తినే మొహమేనా నాది?"

"టెంకకి కాళ్ళొచ్చి నడిచొచ్చిందేమోలే, డోర్కసక్కా," బండి తోలే సైలస్ కిసుక్కున నవ్వాడు.

"నీ కాళ్ళు విరగ! నువ్వే వేసుంటావు, ఎలకమొహమోడా!"

"చాలు, నోళ్ళు ముయ్యండి!" గాస్కార్త్ కసిరాడు. "డోర్కస్, నీ పని ఇవాళ్టితో సరి. ఎస్టేటు ఇల్లు ఖాళీ చెయ్యి."

"ఇల్లా? మొగుడు పోయినదాన్ని. పిల్లల్నేసుకుని ఎక్కడికి పోనయ్యా?"

"అది నాకనవసరం. దొంగ ఉన్నచోట నేనుండను. దొంగన్నా పోవాలి, నేనన్నా పోవాలి. పక్క ఎస్టేటు వాళ్ళు నన్ను ఎన్నాళ్ళనుంచో రమ్మంటున్నారు."

తొట్టి వెనక హ్యూబర్ట్ ఎటూ తేల్చుకోలేకపోయాడు. నోరు మూసుకు కూర్చుంటే డోర్కస్ వీధిన పడుతుంది. బయటపడితే గాస్కార్త్ అన్నంత పనీ చేస్తాడు, పెట్టె సర్దుకుంటాడు. అతను పోతే ఈ తోట గతేమిటి? శనివారం విందు గతేమిటి? ఆ నింద ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా? పైగా ఇంట్లో భార్య! ఆవిడ నోటికి జడవనివాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు.

బయట డోర్కస్ వెక్కివెక్కి ఏడుస్తోంది.

ఇక వినలేకపోయాడు. లేచి వెళ్ళి తలుపు దబదబా బాదాడు.



"ఎవడ్రా లోపల?" గాస్కార్త్ గర్జించాడు. "ఆడదాన్ని ఏడిపించి చాటున కూర్చుని మెక్కుతున్నావా? ఉండు, నీ చెవులు మెలిపెట్టకపోతే నా పేరు గాస్కార్తే కాదు!"

తాళం తిరిగింది. తలుపు భళ్ళున తెరుచుకుంది. హ్యూబర్ట్ తల వంచుకుని బయటికొచ్చాడు.

సైలస్ నవ్వు ఆగిపోయింది. డోర్కస్ ఏడుపూ ఆగిపోయింది.

గాస్కార్త్ ఆ చేతిలోని సగం పండు వంక, గడ్డం మీది రసం వంక మార్చి మార్చి చూశాడు. చెవి పట్టుకోవడానికి లేచిన అతని చెయ్యి గాలిలోనే దారి మళ్ళి, మెల్లగా తన టోపీ తీసింది.

"ఈ ఎస్టేటంతా తమదే కావచ్చు లార్డ్ మార్చ్‌వెల్, పీచ్ దొంగ కూడా తమరే!"