దొరసాని షరతులు

“ఏటంతాది?” అన్నాడు నరసింగరావు, దొరసాని వైపు చూడకుండా.

షీబా గొంతు సవరించుకుంది. “మిల్లులో దుమ్ము లాగే మిషన్లు పెట్టాలిట సార్. లేకపోతే కష్టమేనట.”

విజయనగరం దగ్గర ఆ గోనెసంచుల మిల్లు నరసింగరావుది. కొత్త మగ్గాలకి డబ్బు కావాలి. ఇక్కడి బ్యాంకులు మొహం చాటేశాయి. వాటా కొంటామంటూ బెల్జియం నుంచి ఒక ఫండు వాళ్లు ఈ దొరసానిని పంపారు. ఆవిడ ఇంగ్లీషు యాస మిల్లు అకౌంటెంటుకి కొరుకుడు పడలేదు. నరసింగరావుకి ఇంగ్లీషే పడదు. అంచేత మిషనరీ స్కూల్లో పాఠాలు చెప్పే షీబాని పిలిపించారు.

షీబా తండ్రి జ్ఞానానందం ఆ మిల్లులోనే నార దువ్వే మిషను దగ్గర పనిచేస్తాడు. పడుకుంటే దగ్గు, లేస్తే దగ్గు. ఇంకొన్నాళ్లు ఆ దుమ్ములో ఉంటే ఊపిరి దక్కదని డాక్టరు చెప్పాడు. ఇంట్లో కూర్చోమంటే ఆయన వినడు.

నరసింగరావు బల్ల మీద చరిచాడు. “ఇది మన దేశం. రూలు మనం ఎట్టుకుంటాం. మన ఇనిస్పెట్రు ఏడాదికోసారొస్తాడు, టీ తాగుతాడు, బాగుందంతాడు. మన గవర్నమెంటే బాగుందన్నాక, మన దుమ్ముతో ఈవిడికేటి? అడుగు.”

షీబా ఇంగ్లీషులో అడిగింది. దొరసాని ఓపిగ్గా విని, చాలాసేపు మాట్లాడింది. కిటికీ అద్దం మీద నార నూగు తెల్లగా పేరుకుని ఉంది. షీబా దాన్నే చూస్తూ విన్నది.

“ఏటంతాది?”

“అందరికీ మాస్కులు కూడా ఇవ్వాలిట. ఆర్నెల్లకోసారి ఊపిరితిత్తుల పరీక్షట. జబ్బుపడ్డవాళ్లకి దుమ్ము లేనిచోట పని చూపించాలిట.”

“ఇందాక మిషన్లే అన్నాది కదా?”

“ఇందాక మీరు బల్ల చరిచారు కదా సార్.”

నరసింగరావు చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాడు.

“స్వతంత్రం వచ్చి ఇన్నేళ్లయినాది. మన మిల్లులో గాలి ఎలగుండాలో ఆళ్లు సెప్పాలా?” అని గొణిగాడు.

“వద్దని చెప్పెయ్యమంటారా?”

అడిగేసి షీబా మళ్లీ కిటికీ వైపు తిరిగింది. బయట మెట్ల దగ్గర ఎవరో దగ్గారు. ఎవరో ఆమె చూడక్కర్లేదు.

దొరసాని వాచీ చూసుకుంది. అది చూసి నరసింగరావు గాభరాపడ్డాడు.

“వద్దు, వద్దు. ఒప్పుకున్నానని సెప్పు. అన్నీ ఎట్టిస్తానని సెప్పు. ఇదే మన గవర్నమెంటోడు అడిగుంటేనా...”

అకౌంటెంటుని కేకేసి, దుమ్ము మిషన్లకి అప్పటికప్పుడే ఆర్డరు పెట్టించాడు. షీబా ఇంగ్లీషులో ఏవో రెండు ముక్కలు చెప్పాక, దొరసాని ఇద్దరికీ చెయ్యి కలిపి, నవ్వుతూ కారెక్కింది.

వచ్చినప్పట్నించీ ఆవిడ తిప్పితిప్పి అన్నది ఒక్కటే మాట: “మీ దేశం రూల్సు మీ ఇష్టం, మీ దుమ్ముతో మాకు పనిలేదు, మా లాభం ఎప్పట్నించి వస్తుందో అడిగి చెప్పండి.”