కర్టెన్ సంచిలో బీరు

"దీంతో ఒక సంచి కుట్టాలి," అంటూ ఓటకర్ తన పడగ్గది కర్టెన్‌ని కుట్టుమిషను మీద పడేశాడు.

దర్జీ ముసలావిడ లిబూషే కళ్లజోడు సవరించుకుంది. "పల్చగా, బలంగా ఉంది. మీ ఆవిడకి తెలుసా?"

"తెలిస్తే నా చేతికొచ్చేదా?"

"ఎంత సంచి కావాలి?"

"పాతిక లీటర్ల గిన్నెలో పట్టేంత. బీరు కాస్తున్నా."

ఆ మాట అంటున్నప్పుడు ఓటకర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

లీపోవ ఊళ్లో బీరు ఫ్యాక్టరీ మూతపడి పన్నెండేళ్లయింది. అప్పట్నించీ ఊరి మద్యశాలలో పొరుగూరి బీరే గతి. రైలు డ్రైవరుగా రిటైరైన ఓటకర్ ఒకరోజు అక్కడే బల్ల గుద్ది చెప్పాడు, మన పాత లీపోవ బీరు నా వంటింట్లో కాచి జూన్‌లో అగ్నిమాపక దళం జాతరకి తెస్తానని.

"తేకపోతే?" అన్నాడు బావమరిది ఇవో.

"తేకపోతే మీసం తీసేస్తా!"

ముప్ఫై ఏళ్లనాటి మీసమది. పెళ్లాం బతిమాలినా కత్తెర తగలనివ్వలేదు. తీర్పు చెప్పేది ముసలి హావ్రానెక్. ఆ ఫ్యాక్టరీలో బీరు కాచే పెద్ద మేస్త్రీ ఆయనే. పాత సీసాలన్నిటి మీదా ఆయన సంతకమే ఉండేది.

లిబూషే కొలతలు తీసుకుంటూ అడిగింది. "బార్లీ గింజలు ఎన్నిసార్లు మరపట్టించావు?"

"ఒకసారి."

"రెండుసార్లు పట్టించు. సంచిలో నానబెట్టేవాడికి కాస్త మెత్తగానే ఉండాలి. సంచి అడుక్కి తగలకుండా గిన్నెలో ఒక పళ్లెం బోర్లించు. వేడి చాలనిపించగానే మంట ఆపేసి, గిన్నెకి దుప్పటి చుట్టు. మధ్యలో మూడోవంతు గింజలు తీసి, వేరే గిన్నెలో ఉడికించి మళ్లీ కలుపు. లేకపోతే ఆ రంగూ రాదు, ఆ రుచీ రాదు."

ఓటకర్ పగలబడి నవ్వాడు. "ఇదేమైనా మీ మనవళ్లకి కాచే జావ అనుకున్నారా పిన్నిగారూ? మీరు కుట్టి పెట్టండి చాలు. మిగతాది మగాళ్ల వ్యవహారం."

ఆవిడ సూదిలోకి దారం ఎక్కించింది.

ఆదివారం ఓటకర్ పొయ్యి వెలిగించాడు. పళ్లెం గిళ్లెం ఏమీ లేవు. అరగంటలో సంచి అడుగంటింది. మాడి చిల్లుపడింది. గింజలన్నీ గిన్నెలోకి జారి ముద్దయ్యాయి. మెట్లదాకా పొగ. మార్కెట్ నుంచి వచ్చిన భార్య వ్లాస్తా గరిటెతో గిన్నెలోంచి ఒక గుడ్డ పైకి లేపింది.

"ఇది మన కర్టెన్ కదూ?"

"కొంతవరకూ."

మిగిలిన నీళ్లని పట్టుదలగా పులియబెట్టి ఇవోకి రుచి చూపించాడు.

"బావా, ఇది బీరా, మేజోళ్లు ఉతికిన నీళ్లా? మంగలికి కబురు పెట్టనా?"

మార్చిలో ఓటకర్ కొత్త కర్టెన్‌తో మళ్లీ దర్జీ కొట్టు మెట్లెక్కాడు.

"మాడిందా?" అంది లిబూషే.

"లేదు లేదు. సంచి... కాస్త ఇరుకైంది."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ రెండు వరసల కుట్టు వేసి ఇచ్చింది. "ఈసారి మూడోవంతు ఉడికించు నాయనా. అయ్యాక ఒక్క గ్లాసు తెచ్చిపెట్టు. రుచి చూడాలనుంది."

"బీరు రుచి మీకేం తెలుస్తుంది పిన్నిగారూ!" అనేసి వచ్చేశాడు.

ఇంటికొచ్చి వంటింటి తలుపు గడియపెట్టాడు. ఆవిడ చెప్పినవన్నీ ఒక్కటీ వదలకుండా చేశాడు. రెండుసార్లు మర. అడుగున పళ్లెం. వ్లాస్తా బాతు ఈకల దుప్పటి గిన్నె చుట్టూ. మూడోవంతు గింజలు పక్క పొయ్యి మీద కుతకుతలాడుతుంటే ఇల్లంతా కాలిన రొట్టె వాసన కమ్ముకుంది.

వ్లాస్తా తలుపు కొట్టింది. దుప్పటి కోసం తిడుతుందనుకున్నాడు. "ఫ్యాక్టరీ వైపు గాలి వీచినప్పుడు మా నాన్న ఇంట్లోకి ఇదే వాసన వచ్చేదయ్యా," అంది ఆవిడ మెల్లగా.

ఓటకర్ మీసం దువ్వుకున్నాడు.

పులిసిన బీరు నేలమాళిగలో పక్వానికొస్తుండగా ఏప్రిల్ చివర్న ఓసారి దర్జీ కొట్టు ముందునుంచి వెళ్లాడు. తాళం వేసి ఉంది. లిబూషే కొట్టు ఎత్తేసి కొండల్లో అక్క దగ్గరికి వెళ్లిపోయిందని పక్క రొట్టెల కొట్టువాడు చెప్పాడు. గ్లాసు ఇచ్చే పని తప్పింది, ఎవరి సలహా అని చెప్పుకునే పనీ తప్పింది. హమ్మయ్య అనుకున్నాడు ఓటకర్.

జాతర రోజు హావ్రానెక్ బల్ల దగ్గర కూర్చుని ఒక గుక్క తాగాడు. గ్లాసు వెలుతురుకి పట్టి చూశాడు. ఇంకో గుక్క తాగాడు. ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదే," అన్నాడు.

జనం ఈలలు వేశారు. బ్యాండు మోగింది. ఇవో మంగలికత్తి జేబులో దాచేశాడు.

"ఎలా చేశావయ్యా?" అన్నాడు హావ్రానెక్.

"ఏముంది, మూడోవంతు గింజలు విడిగా ఉడికిస్తే బాగుంటుందని నాకే తట్టింది!"

"అబద్ధం. ఈ ఊళ్లో అలా కాచే మనిషి ఒక్కరే. ఎవరు చెప్పారు?"

ఓటకర్ మీసం తడుముకున్నాడు. "అంటే... సంచి కుట్టిన దర్జీ ముసలమ్మ ఏదో గొణిగింది లెండి."

"లిబూషేనా? ఏదీ? ఎక్కడుంది?" హావ్రానెక్ జనంలోకి వెతుక్కుంటూ చూశాడు.

"ఊరొదిలి వెళ్లిపోయింది. ఒక్క గ్లాసు రుచి చూపించమంది... నేను ఇవ్వలేదు."

హావ్రానెక్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆడమనిషి పేరుంటే ఎవరూ తాగరని సీసా మీద ఫ్యాక్టరీవాళ్లు నాచేత సంతకం పెట్టించారు ఓటకర్, ఇరవై ఆరేళ్లు ఆ బీరు కాచింది ఆవిడే."