పాచికి పెట్టిన పేరు

"నేనెవర్ని పీక్కుతింటున్నానే? చెప్పు, ఎవర్ని?"

కోడలు గుమ్మంలో ఇంకా చెప్పులైనా విప్పలేదు. అత్తగారు మంచం మీద సంచి తెరిచి బట్టలు కుక్కుతోంది. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి, రుమాలు కూడా మడత పెట్టందే బీరువాలో పెట్టని మనిషి ఆవిడ. అలాంటిది ఉండలు చుట్టి కుక్కుతోందంటే సంగతి చిన్నది కాదు.

"ఏమైంది అత్తయ్యా?"

"ఏమవ్వాలి? నీ బల్ల మీద దుమ్ము దులుపుతుంటే ఇది కనపడింది." ఆవిడ ఓ కాగితం పొట్లం విసిరింది. విసిరిందన్న మాటే గానీ, లోపలి రాయి ఎక్కడ పగులుతుందోనని దిండు మీదకే విసిరింది. "ఆ చీటీ చదువు. పైన నా పేరు. కింద ఎర్ర సిరాతో 'పరాన్నజీవి' అని!"

కోడలి ఉద్యోగం కొండలెక్కి, రాళ్ల మీద పెరిగే లైకెన్ అనే పాచిని తెచ్చి పరీక్షించడం. కొత్తది దొరికితే దానికి పేరు పెడతారు. ఈసారి దొరికినదానికి అత్తగారి పేరు పెడుతున్నానని నెల కిందటే చెప్పింది. అప్పట్నుంచీ ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు. పాలవాడి దగ్గర్నుంచి పళ్ల డాక్టరు దాకా అందరికీ చాటింపు వేసేసింది.

"కూర్చుని తింటున్నానని నా మొహాన చెబితే సరిపోయేది కదే. లోకమంతా చాటాలా? నేను చిన్నమ్మాయి ఇంటికి పోతాను."

పోవాలని ఆవిడకి ఏ కోశానా లేదు. ఈ పిల్ల వానలో తడిసొస్తే తల తుడుచుకోమని కసిరేదెవరన్న బెంగ అప్పుడే పట్టుకుంది.

కోడలు పొట్లం విప్పి, భూతద్దం ఆవిడ చేతికిచ్చింది. "ఒక్కసారి చూడండి. తర్వాత నేనే బస్సెక్కిస్తాను."

అత్తగారు మూతి ముడుచుకునే చూసింది. రాతి మీద బూడిదరంగు పెచ్చు. దాని మీద సూదిమొనంత నల్ల చుక్కలు.

"ఆ పెచ్చు లైకెన్. మీ పేరు దానిది. ఎండైనా వానైనా రాతిని వదలదు. తన తిండి తనే వండుకుంటుంది."

"మరి పరాన్నజీవి?"

"ఆ నల్ల చుక్కలు. అదో బూజు. మీ మీద తప్ప ఇంకెక్కడా మొలవదు, మీరు వండినది తినే బతుకుతుంది. రెండూ కొత్తవే, రెండూ ఒకే పొట్లంలో ఉన్నాయి. చీటీ రాసేనాటికి బూజుకి పేరు కుదరలేదు. అందుకే మీ పేరు కింద ఉత్త 'పరాన్నజీవి' అని రాసి వదిలేశాను. తప్పు నాదే అత్తయ్యా."

అత్తగారు భూతద్దం దించకుండా అడిగింది. "అది నన్ను చంపుతుందా?"

"అబ్బే. కాస్త విసిగిస్తుంది, అంతే. మీరు లేకపోతే అదే పోతుంది."

"పాపం," అంది అత్తగారు అప్రయత్నంగా. మంచం మీద కూర్చుని, సంచిలోంచి ఓ ఉండ తీసి మెల్లగా మడత పెట్టడం మొదలుపెట్టింది. "నీ పేరు పెట్టుకోవచ్చుగా పాచికి? నాదెందుకు?"

"ఎవరి పేరు వాళ్లు పెట్టుకోకూడదు. మా శాస్త్రంలో అది మర్యాద కాదు. పైవాళ్లెవరైనా పెట్టాలి."

"సరేలే. ఇంతకీ నా నెత్తినెక్కి తినే ఆ దిక్కుమాలిన బూజుకి ఎవరి పేరు తగలేశారు?"

కోడలు ఆవిడ ఒళ్లో తల పెట్టేసింది.

"నాదే అత్తయ్యా. మా మేడం కాళ్లావేళ్లా పడి పెట్టించుకున్నాను."