ఉప్పునీళ్ళ చుక్క

“ఆగు. ఏం పోస్తున్నావ్ అందులో?”

అత్తగారు గరిటెతోనే పెరట్లోకి పరుగెత్తింది.

బావి గట్టు దగ్గర ఎవరో పరాయి మనిషి. చేదలోని నీళ్ళు గ్లాసులో పోసుకుని, సీసాలోంచి చుక్కలు కలుపుతోంది. పక్కన అరచేతిలో ఇమిడే మిషను, దానికో సన్నటి పట్టీ.

“ఉప్పునీళ్ళమ్మా. ఉప్పు కలిస్తేనే కరెంటు సరిగా పారుతుంది. ఈ పట్టీ మీద ఓ చుక్క వేస్తే నీళ్ళలో పేలుడు మందు ఉందో లేదో మిషను చెబుతుంది.”

“ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నావ్?”

“మీ వీధి వెనక మూసేసిన బాంబుల ఫ్యాక్టరీ ఉంది కదా. మందు కడిగిన నీళ్ళు ఏళ్ళ తరబడి నేలలోకే వదిలారు. మట్టిలో ఆ మందు దొరికింది. మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?”

అత్తగారు వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. కోడలు కొన్నాళ్ళుగా పాలిపోయి మంచం దిగడం లేదు. జబ్బేమిటో డాక్టర్లకు అంతుపట్టలేదు.

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ కోపం అత్తదే, దుత్త ఎదురుగా నిలబడి ఉంది.

“అంటే నువ్వేనన్నమాట. దొంగచాటుగా వచ్చి బావిలో కలిపి పోతున్నావు.”

ఆ అరుపులకి వీధి వీధంతా వచ్చింది.

“స్థలాల రేట్లు పడగొట్టడానికి బ్రోకర్లు పంపుంటారు.”

“మొహం చూస్తేనే తెలియట్లా?”

“గ్లాసులో కలిపాను, బావిలో కాదు. ఒక్క నిమిషం ఆగండి, తేలిపోతుంది.”

ఎవరూ ఆగలేదు. అత్తగారు మిషను లాక్కుని బావిలోకి విసిరేసింది. ఎవరో మెడ పట్టి ఆమెను వీధిలోకి గెంటారు.

“ఆ నీళ్ళు మాత్రం తాగకండి,” అంది ఆమె, దోక్కుపోయిన మోచెయ్యి పట్టుకుని.

“చెప్పొచ్చింది మహా,” అని అత్తగారు తలుపు వేసి, కోడలికి అదే బావి నీళ్ళు కాచి తాగించింది.

కాచినా ఆ విషం పోదని ఆమెకేం తెలుసు? వానలు వెలిసేసరికి కోడలు పోయింది.

తర్వాత ఆఫీసరు వచ్చి బావికి సీలు వేశాడు. ఫ్యాక్టరీ యజమానికి జైలుశిక్ష పడిందని చెప్పాడు.

“ఇన్నాళ్ళూ ఏం చేశారు బాబూ?”

“పరీక్ష పూర్తయిన వీధులకి అప్పుడే మంచినీళ్ళు ఇచ్చామమ్మా. మీ వీధిలో పరీక్ష చేయడానికొచ్చిన ఆవిణ్ణి గెంటేశారుగా. ఉన్న ఒక్క మిషనూ పోయింది.”

అత్తగారు ఆఫీసరుకి అడ్డంగా వచ్చి నిలబడింది.

“ఆవిడ ఎక్కడుందో చెప్పండి. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను.”

“ఎవరికీ తెలీదమ్మా. ఫ్యాక్టరీ మీద సాక్ష్యం చెప్పి కన్నతండ్రిని జైలుకి పంపిన కూతురికి పుట్టింట్లో మాత్రం ఎవరు తలుపు తీస్తారు?”