పక్క సీటు బ్రేకు

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. ఓడలో వచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తాళం నా చేతిలో పెట్టి, "బ్రేకుల మీద అనుమానంగా ఉంది, చూడు వరహాలూ" అన్నాడు కాంట్రాక్టరు. పొద్దుగూకి లారీలు ఆగాక, కూర్మన్నపాలెం అవతల కొత్తగా వేస్తున్న రోడ్డు మీదికి తెచ్చాను.

కొత్త బండిలోకి నేను చెప్పులతో ఎక్కను. మైలురాయి దగ్గర విడిచి ఎక్కాను.

మా అక్క పెనిమిటి అప్పలసూరి ఉండుంటే పక్కన కూర్చునేవాడు. వేగం పెంచితే చాలు, కాలితో దబ్బున నేలని తన్నేవాడు.

"అక్కడ బ్రేకేటుంది బావా?" అని నవ్వేవాణ్ణి.

"నా బయం నాది, నువ్వు నడుపు" అనేవాడు. పోయి ఏడాదైంది.

మలుపుల్లో కారు చెప్పినట్టు విన్నది. తిన్నని రోడ్డు మీద ఎనభై దాటించి బ్రేకు తొక్కాను. పెడలు మెత్తగా కిందికంటా దిగిపోయింది. ఎదురుగా సగం కట్టిన కల్వర్టు.

పక్కన దబ్బుమంది.

కల్వర్టు గోతికి జానెడు దూరంలో కారు ఆగింది. ఇంజనూ ఆగిపోయింది. ఎడం పక్కకి చూసే ధైర్యం లేక, ఇంజను మళ్ళీ స్టార్టు చేసి, బండి వెనక్కి తిప్పుకుని, ఫస్టు గేరులో నడకంత నెమ్మదిగా వచ్చిన దారినే తెచ్చాను.

మైలురాయి మీద లైటు పడింది. నా చెప్పుల పక్కన ఇంకో జత ఉంది. టైరు చెప్పులు. తెగిన పట్టీకి రాగితీగ. ఆ తీగ చుట్టింది నేనే.

"దిగు బావా," అన్నాను ముందుకే చూస్తూ. "ఇంటికి నడిసే ఎల్దాం."

నా తలుపు ఇంకా మూసే ఉంది. అవతలి తలుపు తెరుచుకుంది.