బుజ్జికి మంచిల్లు

కొత్తింట్లో కుక్కల్ని రానివ్వరట. మా కుక్క బుజ్జికి మంచిల్లు చూడ్డానికి మా ఆయన కంకణం కట్టుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ వంకలు పెట్టి పంపేశాడు. ఎంత సున్నితమైన మనిషో!

చివరికి పక్కవీధిలో బట్టలు కుట్టే ఆవిడ నచ్చింది.

“కసరకూడదండీ. తిన్నదో లేదో కనుక్కోవాలి. ముఖ్యంగా పేరు పెట్టి పిలవాలి. ‘ఒసే’ అంటే మనసు కష్టపెట్టుకుంటుంది” అని అప్పగింతలు పెట్టాడు.

వెంటనే వంటింటివైపు తిరిగి, “ఒసే, టీ ఏమైందే?” అని అరిచాడు.

కప్పు అందిస్తుంటే ఆవిడ నావైపు చూసి, “పేరేంటమ్మా?” అంది.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. “బుజ్జి.”

ఆవిడ ఒక గుక్క తాగి, “టీ బాగుంది బుజ్జీ” అంది నాతో.

ఈ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి. కుక్క పేరైతేనేం! తోక లేదు గానీ, ఉంటే ఊపేసేదాన్ని.