పూచికపుల్ల కదపని జీను

జన్యు పరిశోధన ప్రాజెక్టు మూసేసే కాగితం పట్టుకుని డైరెక్టరుగారే ల్యాబుకు వచ్చారు.

"ఇంతకీ నీ జీను ఏం చేస్తుందమ్మా?"

"మన రక్తకణాల్లో కొన్ని ఎంజైములు క్రిముల్ని చంపే సూపరాక్సైడు తయారుచేస్తాయి సార్. ఈ జీను మాత్రం పూచికపుల్ల ఇటు తీసి అటు పెట్టదు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో వాటికి చెబుతుంది, అంతే," అంది పరిశోధకురాలు.

డైరెక్టరుగారి మొహం వెలిగిపోయింది. "అచ్చం నాలాగే!"

తెచ్చిన కాగితం చింపేసి, మరో మూడేళ్లకు అనుమతి రాసి సంతకం పెట్టారు. గుమ్మం దగ్గర ఆగారు.

"అది లేకపోతే ఏమవుతుందమ్మా?"

"అమ్మో! ఒక్క పూట గడవదు సార్."

ఆయన ఛాతీ విరుచుకుని వెళ్లారు.

ఆమె ఆ జీను తీసేసిన ఎలుకలు ఏడాదిగా మూల బోనులో హాయిగా చక్రం తొక్కుతున్నాయి.